మాగాయ డాబాకి రబ్బరు షీటు

డాబా కారితే జనం ముందు వానను తిడతారు, తర్వాత కట్టిన మేస్త్రీని తిడతారు, ఆ తర్వాత నన్ను పిలుస్తారు. నా పేరు లాజరు. ఊరు తెనాలి. ముప్పై నాలుగేళ్ళుగా కారే కప్పులను బాగుచేయడమే నా పని. సున్నం గచ్చులు వేశాను, తారు షీట్లు కాల్చి అంటించాను, తెల్ల కెమికల్ పూతలు పూశాను. ఆరేళ్ళ కిందట మా అమ్మాయి క్రిస్టినా సివిల్ డిప్లొమా పూర్తిచేసి వచ్చి, ఇవన్నీ కాదు నాన్నా, ఇక రబ్బరు షీటే అంది. సైకిల్ ట్యూబు మందాన, నల్లగా, పెద్ద పెద్ద చుట్టలుగా వస్తుంది. డాబా మీద పరిచి, ఒక షీటు అంచు మీదకి ఇంకో షీటు అంచు ఎక్కించి, మధ్యలో టేపు పెట్టి అంటించాలి. నేను నెల రోజులు నవ్వాను. తర్వాత బుద్ధిగా నేర్చుకున్నాను.

ఈ ఏడు ఏప్రిల్లో బాపట్ల నుంచి సుబ్బాయమ్మగారు ఫోన్ చేశారు. స్టేషన్‌కి దగ్గర్లో ఆవిడకి పచ్చళ్ళ తయారీ ఉంది. కింద పచ్చళ్ళు కలుపుతారు, మేడ మీద గదిలో సీసాలకి ఎత్తి ప్యాకింగ్ చేస్తారు, ఆ పైన డాబా. పద్నాలుగు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. మూడేళ్ళ కిందట ఆ డాబాకి తెల్ల పూత వేసింది నేనే. అందుకని ఫోన్లో ఆవిడ పేరు కనపడగానే నాకు విషయం అర్థమైంది.

వెళ్ళి చూశాను. ప్యాకింగ్ గది కప్పు మీద చేటంత తడి మచ్చ ఉంది. పైకెక్కి చూస్తే నా తెల్ల పూత పొరలు పొరలుగా లేచిపోయి, ఎండకి కమిలిన వీపు తోలులా ఉంది. తప్పంతా పూతది కాదు. ఆ డాబా మీద ఏటా ఎండాకాలమంతా మాగాయ ముక్కలు ఎండుతాయి. ఉప్పులో ఊరిన మామిడి ముక్కల నుంచి కారే పులుపు నీళ్ళు, పద్నాలుగు మంది తొక్కుడు, పైన ఎండ. అన్నీ తెలిసి కూడా అప్పట్లో చవగ్గా అయిపోతుందని పూత పూసింది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

సుబ్బాయమ్మగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

"అన్నయ్యా, మొన్న ఫుడ్ సేఫ్టీ సారు వచ్చారు. ఆ మచ్చ చూసి, జూన్ నెలాఖరుకి మళ్ళీ వస్తానన్నారు. అప్పటికి కప్పు నుంచి చుక్క పడినా, చెమ్మ కనపడినా ఈ గదిలో ప్యాకింగ్ ఆపెయ్యాలంట. ప్యాకింగ్ ఆగితే ఈ పిల్లలందర్నీ నేనేం చేసుకోను?" అన్నారు.

పిల్లలు అని ఆవిడ అన్నది ముప్పై ఏళ్ళ నుంచి అరవై ఏళ్ళ దాకా ఉన్న ఆడవాళ్ళను. వాళ్ళు చేతులు ఆడిస్తూనే చెవులు మా వైపు పెట్టారు.

రేకుల షెడ్డు వేస్తే వాన ఆగుతుంది గాని ఎండ కూడా ఆగిపోతుంది, మాగాయ ఉండదు. తారు షీటు వేస్తే మే నెలలో మెత్తబడి వాసన కొడుతుంది. మళ్ళీ పూత అని నేను అనబోతే క్రిస్టినా నా వంక చూసిన చూపుకి మాట మింగేశాను. ఇక మిగిలింది రబ్బరు. రబ్బరు అనగానే సుబ్బాయమ్మగారి మొహం చిన్నబోయింది.

"నా ముక్కకి టైరు వాసన పడితే ఎవరు కొంటారే అమ్మాయ్?"

"చూసి చెప్పండి అత్తయ్యా" అంది క్రిస్టినా. నన్ను అన్నయ్యా అంటున్నారు కాబట్టి మా అమ్మాయికి ఆవిడ మొదటి రోజు నుంచీ అత్తయ్యే. "రేపల్లెలో రైసు మిల్లు గోడౌన్‌కి నాలుగేళ్ళ కిందట వేశాం. రండి, చూపిస్తాను."

మే మొదటి వారంలో ముగ్గురం బాపట్లలో బస్సెక్కి, పిట్టలవానిపాలెం మీదుగా రేపల్లె వెళ్ళాం. సుబ్బాయమ్మగారి ఒళ్ళో స్టీలు క్యారియర్ ఉంది. మధ్యాహ్నానికి పులిహోర తెచ్చారేమోనని నేను ఆశపడ్డాను. మిల్లు డాబా ఎక్కాక మూత తీస్తే అన్నీ మామిడి ముక్కలే. మూడు రోజులు ఉప్పులో ఊరబెట్టి, పిండి, ఎండకి సిద్ధంగా పెట్టినవి.

నల్ల రబ్బరు ఆ ఎండకి పెనంలా ఉంది. మిల్లు మేనేజరు కరుణాకర్ గారు చెప్పులు విప్పొద్దండి అని చెబుతూనే ఉన్నారు, ఆవిడ విప్పేశారు, రెండడుగులు వేసి మళ్ళీ తొడుక్కున్నారు. మనుషులు నడిచే దారిలో మాత్రం క్రిస్టినా రబ్బరు మీద పల్చటి సిమెంటు పలకలు పరిపించింది. వాటిని అంటించలేదు, కింద చిన్న చిన్న దిమ్మల మీద ఊరికే ఆనించింది. పలకల సందుల్లోంచి నీళ్ళు దిగి, రబ్బరు మీదుగా తూము దాకా పోతాయి.

సుబ్బాయమ్మగారు చీర కొంగు బొడ్లో దోపి, పాత పంచె ముక్కలు రెండు పరిచారు. ఒకటి ఉత్త రబ్బరు మీద, ఒకటి పలకల మీద. రెండింటి మీదా ముక్కలు ఎండబెట్టి, వాచీ చూసుకున్నారు. కరుణాకర్ గారికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. నాలుగేళ్ళలో ఆ షీటు చూడటానికి ఇంజనీర్లు వచ్చారు, కాంట్రాక్టర్లు వచ్చారు, గోళ్ళతో గీకి చూశారు, లాగి చూశారు. దాని మీద వడ్డన చేసినవాళ్ళు మాత్రం లేరు.

మూడింటికి మళ్ళీ ఎక్కాం. ఆవిడ ముందు రబ్బరు మీది ముక్క నోట్లో వేసుకుని, నమిలి, తల అడ్డంగా ఊపి, నాకూ కరుణాకర్ గారికీ తలొకటి ఇచ్చారు. నాకు బాగానే ఉంది. కరుణాకర్ గారు కూడా బాగుందండి అన్నారు.

"మీ మగాళ్ళకి ఏది పెట్టినా బాగానే ఉంటుంది" అని, పలకల మీది ముక్క తీసుకున్నారు. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలారు. ముప్పై నాలుగేళ్ళలో నా పని నాణ్యత ఇలా ఎవరి నాలుక మీదా ఆధారపడలేదు.

"ఇది మాగాయే" అన్నారు చివరికి. "కింద రబ్బరు, పైన పలకలు. అలాగే వెయ్యండన్నయ్యా."

తిరుగు బస్సులో క్రిస్టినా షరతులు చెప్పింది. శ్లాబు పలకల బరువు ఆపుతుందో లేదో ముందు తను చూసుకోవాలి. మాగాయ ఎండబెట్టడం మే ఇరవైకల్లా ముగించాలి. ఇంకొక్కటి. "ఈ రబ్బరు ఎండకీ వానకీ దేనికీ బెదరదు అత్తయ్యా. నూనె అంటే మాత్రం పడదు. డాబా మీదకి నూనె చుక్క రాకూడదు."

"పచ్చళ్ళ కొంపకొచ్చి నూనె పడకూడదంటావేంటే" అని ఆవిడ నవ్వారు. "సరే, నూనె డబ్బాలు మెట్లెక్కవులే."

శ్లాబు బరువు ఆపుతుందని క్రిస్టినా తేల్చాక, మే ఇరవై రెండున పని మొదలుపెట్టాం. పాత పూత గీకి, శ్లాబు కడిగి, ఆరబెట్టాక షీటు చుట్టలు పైకెక్కించాం. నేను పని మొదలెట్టే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. కళ్ళు తెరిచేసరికి సుబ్బాయమ్మగారు మొదటి చుట్ట ముందు కూర్చుని ఉన్నారు. కొత్త వస్తువు ఏదొచ్చినా, మోటారైనా మిక్సీ అయినా, దానికి బొట్టు పెట్టందే ఆవిడ వాడనివ్వరు. షీటు అంచుకి మూరెడు పొడుగున, గడపకి రాసినట్టు పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టారు. నీళ్ళతో పెడితే రబ్బరుకి నిలవడం లేదని చిటికెడు కుంకుమలో నువ్వుల నూనె కలిపి మరీ పెట్టారు. కొబ్బరికాయ కొట్టి, ముక్క నా చేతిలో పెట్టి కిందికి వెళ్ళారు.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. మేస్త్రీగా నాకు తెలిసి చేసింది కాబట్టి పొరపాటు అనడం కూడా దొంగమాటే.

అంటించబోయే ప్రతి అంచునీ మందు గుడ్డతో, అంటే జిడ్డు వదిలించే మందులో తడిపిన గుడ్డతో, తుడవాలి. దుమ్ము ఉన్నా, జిడ్డు ఉన్నా టేపు పట్టదు. క్రిస్టినా ఆ చివర నుంచి తుడుచుకుంటూ వస్తోంది, నేను ఈ చివర నుంచి. పసుపు రాసిన మూరెడు నా వాటాకి వచ్చింది. గుడ్డ ఎత్తాను. చెయ్యి ముందుకి రాలేదు.

మా ఇళ్ళల్లో బొట్టు లేదు. అయినా నేను పుట్టింది ఈ ఊళ్ళల్లోనే. బొట్టు చెరపడమంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కిందటి చలికాలం ఆవిడ భర్త బసవేశ్వరరావు గారికి గుంటూరులో గుండె ఆపరేషన్ అయింది. ఆయన కింద గదిలో కుర్చీలో కూర్చుని, సీసాలకి లేబుళ్ళు అంటిస్తూ, మేం పైకి సామాను మోస్తుంటే పలకరిస్తూ ఉన్నారు. ఆయన పేరు చెప్పుకునే ఆవిడ పెట్టిన బొట్టని నాకు తెలుసు. అలాంటి దాన్ని నా చేత్తో తుడవడానికి మనసొప్పలేదు. మూరెడే కదా అనుకున్నాను. దాని మీదే టేపు వేసి, రోలరు గట్టిగా రెండుసార్లు ఎక్కువ తిప్పాను.

"అంచంతా తుడిచారా నాన్నా?" అని ఆ చివర నుంచి క్రిస్టినా అడిగింది.

"తుడిచాను" అన్నాను.

వారానికి షీటు పని అయిపోయింది. పలకలు పరవక ముందు పరీక్ష పెట్టాలి. తూములకి బిరడాలు బిగించి, డాబా నిండా రెండంగుళాల నీళ్ళు కట్టాం. రెండు రోజులు అలా నిలవాలి. ఆ రెండు రోజులూ కింద ప్యాకింగ్ గదిలో ఆడవాళ్ళు సీసాల కంటే కప్పునే ఎక్కువ చూశారు. మొదటి రోజు ఏమీ లేదు. సుబ్బాయమ్మగారు మాకు కందిపొడి, నెయ్యి వేసి భోజనం పెట్టారు. నేను రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాను.

రెండో రోజు పదకొండు గంటలకి సుజన మెట్లెక్కి వచ్చింది. మూతలు బిగించే పిల్ల. చేతిలో సీసా మూత పట్టుకుని ఉంది.

"బాబాయ్, ఒక చుక్క పడిందండి" అని మూత నా ముందు పెట్టింది. అందులో నిజంగానే ఒక చుక్క నీళ్ళున్నాయి. నాకు చూపించాలని తొణక్కుండా తెచ్చింది.

కిందికి వెళ్ళాం. కప్పు నడిమధ్య తడి మొదలైంది. నేను నోటికొచ్చిందల్లా చెప్పాను. శ్లాబులో పాత చెమ్మ దిగుతోందేమో అన్నాను. నీళ్ళ పైపు చూడాలన్నాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారు, నేను చేసింది అదే. తేడా ఏమిటంటే పిల్లాడు చంకలో ఉన్నాడని నాకు తెలుసు.

క్రిస్టినా నీళ్ళు వదిలించి, ఆరాక ప్రతి అతుకునీ వేలితో నొక్కి చూసింది. ఆ మూరెడు దగ్గర లేచినట్టు పైకి కనపడలేదు. నా అదనపు రోలరు తిప్పుడు పైపైన పనిచేసింది. చివరికి నిటారుగా నిలబడి, "టేపే పాడుదై ఉంటుంది నాన్నా. కంపెనీకి ఫోన్ చేస్తాను. కొత్త టేపు వచ్చాక అతుకులన్నీ విప్పి మళ్ళీ వెయ్యాలి" అంది.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అని సుబ్బాయమ్మగారు అడిగారు.

"టేపు రావడానికి పది రోజులు. విప్పి వెయ్యడానికి ఇంకో పది. మధ్యలో వానలు దిగితే చెప్పలేనత్తయ్యా."

సుబ్బాయమ్మగారు లెక్క వేసుకుంటున్నారని మొహం చూస్తేనే తెలిసింది. మెట్ల మీద సుజన, ఆ వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. మూడేళ్ళ కిందట పూత పూసి ఒకసారి ముంచాను. ఇప్పుడు టేపు మీద నెట్టి రెండోసారి ముంచబోతున్నాను. కూతురు ఫోన్ తీసింది.

"టేపు మంచిదే. నేనే తుడవలేదు" అన్నాను.

క్రిస్టినా ఫోన్ దించింది. నేను ఆ మూరెడు చోటు చూపించాను. ఎందుకు తుడవలేదో సుబ్బాయమ్మగారి మొహం చూడకుండానే చెప్పాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది, కూతురి ముందు చెప్పేది కాదు. నాకు సిగ్గేసింది. అంతకంటే భయం వేసింది. బొట్టు పెట్టిన చోటే కారిందంటే ఆవిడ మనసులో ఏం అనుకుంటారోనని, బసవేశ్వరరావు గారి గురించి ఏ అపశకునం ఊహించుకుంటారోనని.

క్రిస్టినా చాకు తెచ్చి ఆ మేర అతుకు విప్పింది. లోపల పసుపు అలాగే ఉంది. మూడు బొట్ల దగ్గరా టేపు అసలు పట్టలేదు. జిడ్డు తళతళలాడుతోంది.

సుబ్బాయమ్మగారు వంగి చూశారు.

"మా ఆయన ఆయుష్షు ఈ రబ్బరు అంచున ఉందనుకున్నావా అన్నయ్యా?"

"కాదమ్మా. చెయ్యి రాలేదు."

"ముక్కలో ఉప్పు చాల్లేదని చెప్పడానికి మొహమాటపడేవాడు నా దగ్గర పనికి రాడు. నూనె వద్దని పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను మర్చిపోయి పెట్టాను. నాకు చెబితే నేను చేసుకోనా? ఇలా ఇవ్వు."

నా చేతిలోంచి మందు గుడ్డ తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక్కొక్క బొట్టూ తుడిచారు. గుడ్డకి ఎర్రగా అంటింది. నేను తల పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ చూశారు. "ఇటు చూడన్నయ్యా, శుభ్రంగా పోయిందో లేదో చెప్పేవాడివి నువ్వే కదా" అన్నారు. చూశాను. ఇంకోసారి తుడవమన్నాను. తుడిచారు. వేలు రాసి చూస్తే వేలికి ఏమీ అంటలేదు. అప్పుడు మా దగ్గరున్న టేపే ఇంకో ముక్క వేసి, పైన అడ్డంగా ఇంకో షీటు ముక్క అంటించాను. క్రిస్టినా నా పక్కనే కూర్చుని రోలరు తిప్పింది. నాతో మాట్లాడలేదు. ఆ పూటకి మాట్లాడదని నాకు తెలుసు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

సాయంత్రం టీ గ్లాసు ఇస్తూ మాత్రం, "మందు గుడ్డ నాకిచ్చి ఉంటే నేను తుడిచేదాన్ని నాన్నా" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకని ఇంకాస్త బాధ కలిగింది, ఇంకాస్త ముద్దూ వచ్చింది.

మళ్ళీ నీళ్ళు కట్టాం. ఈసారి రెండు రోజులు కాదు, మూడు రోజులు ఉంచమని నేనే అన్నాను. పైన నీళ్ళలో మబ్బులు కనపడినప్పుడల్లా కిందికి దిగి కప్పు చూసొచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం దాకా సుజన చుక్క పడిన చోటే మూత పెట్టుకుని కూర్చుంది. మూత పొడిగా ఉంది. తూములు వదిలి, పలకలు పరిచి, సామాను బండికెక్కించి తెనాలి వచ్చేశాం. బసవేశ్వరరావు గారు వీధి దాకా వచ్చి సాగనంపారు. మాగాయ సీసా ఒకటి క్రిస్టినా చేతిలో పెట్టి, "మీ నాన్నకి రోజుకొక్క ముక్కే పెట్టమ్మా, ఆయనకి బీపీ ఉంటుంది" అన్నారు. నాకు బీపీ ఉందని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు.

జూన్ ఇరవై ఆరున, మధ్యాహ్నం మూడింటికి తెనాలిలో ఆకాశం నల్లబడి వాన దంచింది. నేను ఇంట్లో కూర్చుని పాత గొడుగు బాగుచేస్తున్నాను. ఫోన్ మోగింది. సుబ్బాయమ్మగారు. ఈ వృత్తిలో వాన పడుతుండగా వచ్చే ఫోన్ ఒక్కటే రకం. మోగనిచ్చాను. ఆగి మళ్ళీ మోగింది. క్రిస్టినా వచ్చి, నా వంక చూసి, ఫోన్ ఎత్తి స్పీకర్ పెట్టింది.

"అన్నయ్యా, ఇక్కడ గంట నుంచి ఒకటే వాన" అన్నారు. వెనక హోరు వినపడుతోంది.

"చెప్పండమ్మా" అన్నాను.

"ఫుడ్ సేఫ్టీ సారు వచ్చారు. బండి మీద వెళ్ళలేక ప్యాకింగ్ గదిలోనే కుర్చీ వేసుకు కూర్చున్నారు. గంట నుంచి కప్పు చూసి చూసి మెడ నొప్పి పుట్టినట్టుంది, ఇప్పుడే తల దించి కాగితం మీద సంతకం చేశారు."

క్రిస్టినా ఫోన్ నా దగ్గరికి జరిపింది.

"వింటున్నావా అన్నయ్యా? కారడం లేదు. అది చెప్పడానికే చేశాను."

ముప్పై నాలుగేళ్ళలో వాన పడుతుండగా నాకు ఫోన్ చేసి, కారడం లేదని చెప్పిన మనిషి ఆవిడ ఒక్కరే. సరేనమ్మా అన్నానో, సంతోషమమ్మా అన్నానో గుర్తులేదు. కళ్ళు తుడుచుకుంటుంటే క్రిస్టినా చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. ఫోన్లో వాన హోరు మధ్య సీసాల చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినపడుతూనే ఉన్నాయి. ప్యాకింగ్ ఆగలేదు.